ఇంటిదొంగ అద్దం

"సార్, స్టాండ్ మీదనే పెట్టిన గదా, మళ్ళెందుకు కదిలింది?"

అడిగింది ఇంటర్ రెండో సంవత్సరం పిల్ల. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ నా దగ్గర ఫిజిక్స్ చదువుకుంటోంది. వాళ్ళన్న ఊళ్ళో పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తాడట. దసరా సెలవులకు పోయి అతని పాత డీఎస్‌ఎల్‌ఆర్, 200 మిల్లీమీటర్ల లెన్సు, స్టాండు పట్టుకొచ్చింది. చైతన్యపురిలో ఓ మేడ మీద నిలబెట్టి, పొద్దుగూకే వేళ మెట్రో స్తంభాల వరుస ఎల్బీనగర్ వైపు సాగిపోవడం తీసింది. ఎక్స్‌పోజర్ సెకనులో పదిహేనో వంతు. చెయ్యి తగలకూడదని సెల్ఫ్ టైమర్ కూడా పెట్టింది. అయినా ఫొటో మసక.

మసక ఫొటోలంటే నాకు మోజు. కంప్యూటర్లో పెద్దది చేసి చూశాం. ప్రతి దీపానికీ కింద ఒక చిన్న తోక. దగ్గరి వీధిదీపానికీ, ఎక్కడో దూరాన ఉన్న సిగ్నల్ దీపానికీ అదే పొడుగు, అదే వంకర. దీపాలన్నీ కూడబలుక్కుని ఒకేలా ఊగవు కదా, ఊగింది కెమెరానే. పైగా తోకలన్నీ నిలువుగా ఉన్నాయి. గాలి చేసిన పనైతే అడ్డంగానో ఐమూలగానో ఉండాలి. నిలువుగా కుదిపేది ఏదో కెమెరా కడుపులోనే ఉంది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంటిదొంగ పేరు అద్దం.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సు వెనకాల నలభై అయిదు డిగ్రీల వాలులో అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుగును పైకి మళ్ళించి మన కంటికి చూపిస్తుంది. మీట నొక్కగానే అది దారి తొలగాలి, లేకపోతే సెన్సరుకు వెలుగు చేరదు. అందుకని రెప్పపాటులో పైకి లేచి కప్పుకు కొట్టుకుంటుంది. ఆ దెబ్బ ఆరకముందే షటరు తెరుచుకుంటుంది. తలుపు దబాలున వేసి, గోడ అదురుతుండగానే గోడమీది పటాన్ని చూడమన్నట్టు ఉంటుంది వ్యవహారం.

మరి స్టాండు ఏం చేస్తున్నట్టు? మూడు కాళ్ళకున్న గొప్పతనం మన ముక్కాలిపీట చేసినవాళ్ళకు ఏనాడో తెలుసు. మూడు బిందువులు ఎటు పెట్టినా ఒకే తలంలో ఉంటాయి కాబట్టి ఎంత ఎగుడుదిగుడు నేల మీదైనా పీట కుదురుతుంది. నాలుగు కాళ్ళ బల్లకైతే మడిచిన అట్టముక్క కావాలి, ఏ ఇరానీ హోటల్లోనైనా చూడండి. కానీ కుదురుగా నిలబడడం వేరు, అదరకుండా ఉండడం వేరు. స్టాండు మన చేతి ఊగిసలాటను ఆపుతుంది. దాని నెత్తిన బరువైన కెమెరా పెట్టి ఒక్క దెబ్బ కొడితే మాత్రం అది తంబురా తీగే. తీగకు తన శ్రుతి ఉన్నట్టే స్టాండుకూ తన కంపన వేగం ఉంటుంది. కాళ్ళు ఎంత బిగువుగా ఉంటే అంత ఎక్కువ, పైన బరువు ఎంత పెరిగితే అంత తక్కువ.

ఇక్కడే నాకు ముచ్చటగొలిపే లెక్క ఒకటుంది. సెన్సరు మీద ఒక్కో పిక్సెల్ సుమారు అయిదు మైక్రాన్లు అనుకోండి. 200 మిల్లీమీటర్ల లెన్సులో బొమ్మ ఒక పిక్సెల్ జరగాలంటే కెమెరా ఎంత వాలాలి? అయిదు మైక్రాన్లను 200 మిల్లీమీటర్లతో భాగిస్తే రేడియన్‌లో నలభైవేలో వంతు. మీటరు పొడుగు కర్రను ఒక కొస పట్టుకుని రెండో కొసను వెంట్రుక మందంలో సగం కూడా ఎత్తనంత. అదే వాలును ఎల్బీనగర్ దాకా సాగదీయండి. చైతన్యపురి మేడ నుంచి అది కొన్ని కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి బెత్తెడు అవుతుంది. ఇక్కడ కంటికి ఆననిది అక్కడ సిగ్నల్ దీపానికి తోక మొలిపిస్తుంది.

ఇంకో వింత. వెయ్యో వంతు సెకనులో తీస్తే ఆ తోక కనబడదు. స్టాండు ఒక ఊపు పూర్తిచేసేలోపే షటరు తన పని ముగించుకుని పోతుంది. పది సెకన్లు తెరిచి ఉంచినా కనబడదు. అదురు సెకనులోపే ఆరిపోతుంది, మిగతా తొమ్మిది సెకన్లు పోగైన నిశ్చలమైన వెలుగు దాన్ని ముంచేస్తుంది. దొరికిపోయేది మధ్యలోనే, అరవయ్యో వంతు నుంచి ఒక సెకను దాకా. ఎక్స్‌పోజర్ మొత్తం అదురులోనే గడిచిపోతుంది. ఆ పిల్ల ఎంచుకున్న పదిహేనో వంతు సరిగ్గా గోతి నడిమధ్యన ఉంది. నిదానంగా తీసేకొద్దీ ఫొటో ఇంకా పాడవుతుందన్న లెక్క స్టాండు మీద చెల్లదు.

చెబితే నమ్మదని మేడ మీదే చూపించాను. లెన్సు కొసన గోరంత అద్దంముక్క అంటించి, దాని మీద లేజర్ పాయింటరు వేశాం. వెలుగు మళ్ళి పక్క మేడ మీది తెల్ల గోడపై ఎర్రచుక్కగా పడింది. అద్దం మీంచి మళ్ళిన వెలుగు రెట్టింపు కోణం తిరుగుతుంది కనుక అదురు కూడా రెట్టింపై కనిపిస్తుంది. మీట నొక్కగానే చుక్క గీతలా సాగి, గజగజలాడి, మళ్ళీ చుక్కయింది. స్టాండు నడుమ గొట్టం బాగా పైకి లాగి ఉందని అప్పుడు చూశాను. ముక్కాలిపీట నెత్తిన ఒంటికాలి మనిషిని ఎక్కించినట్టు! గొట్టం దించి, కాళ్ళలో అన్నిటికంటే సన్నగా ఉండే చివరి ముక్కలు లోపలికి తోశాం. కడ్డీ పొడుగు రెట్టింపైతే వంగడం ఎనిమిది రెట్లవుతుంది, కాబట్టి పొట్టి చేస్తే లాభం అంతా ఇంతా కాదు. ఈసారి గీత చిన్నదైంది, త్వరగా ఆరింది. ఆఖరున నా కెమెరా పెట్టి, మొదటి నొక్కుకు అద్దం లేచి అక్కడే ఆగేట్టు, రెండో నొక్కుకు షటరు తెరుచుకునేట్టు చేశాను. మధ్యలో రెండు సెకన్లు ఆగి, రిమోటుతో నొక్కాం. చుక్క ఉలకలేదు, పలకలేదు.

అద్దాన్ని ముందే లేపి పెట్టే ఈ ఏర్పాటు 1959 నాటి నైకాన్ ఎఫ్‌లోనే ఉంది. అయితే ఇంజనీర్లు దొంగతో అక్కడే రాజీపడలేదు. 1965లో కెనాన్ కంపెనీ పెలిక్స్ అని ఒక కెమెరా తెచ్చింది. అందులో అద్దం కదలనే కదలదు. వెలుగులో ఎక్కువ భాగం దాటిపోయేంత పలచటి పొర అది, కొంత మాత్రం కంటికి మళ్ళిస్తుంది. దొంగ చేతులు కట్టేసినట్టే, కానీ వెలుగులో మూడోవంతు దాకా ఫిల్ముకు దక్కకుండా పోయేది. ఒలింపస్‌లో యోషిహిసా మైతానీ ఇంకో దారి పట్టాడు. అద్దం కదలనీ, కొట్టుకోకుండా చూద్దాం అన్నాడు. 1972లో వచ్చిన అతని చిన్న కెమెరా తర్వాత ఓఎం-1గా పేరు మార్చుకుంది. అందులో అద్దం దూకుడును ఒక గాలిబుడ్డి మింగేస్తుంది. ఆఫీసు తలుపుల మీద మెల్లగా మూసుకునేందుకు బిగించే గొట్టం లాంటిదే, వేలెడంత కూడా ఉండదు. పెలిక్స్ తెలివైనది, మైతానీది అందమైనది. నా ఓటు మైతానీకే.

అద్దమే లేని కెమెరాలు వచ్చాక పీడ విరగడైందనుకున్నారు. 2013లో సోనీ ఏ7ఆర్ వచ్చింది. అద్దం లేదు, అయినా అదిరింది. తీసే ముందు షటరు తెర మూసుకుని, ఆనక తెరుచుకోవాలి. ఆ తెర దెబ్బే చాలింది. తర్వాతి మోడళ్ళలో మొదటి తెర పనిని సెన్సరుకే అప్పగించారు. ఇక చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజర్‌ను స్టాండు మీద ఆపమంటారు ఎందుకంటే, కొన్ని లెన్సుల్లో అది లేని వణుకును ఉందనుకుని, తాడును చూసి పామన్నట్టు, తనే కదిలిస్తుంది.

అసలు ఈ దొంగ పుట్టకముందే మందు ఉంది. 1880ల్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నుంచి ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన లాలా దీన్ దయాళ్ తరం వాళ్ళు పెద్ద చెక్క కెమెరాలతో గాజుపలకల మీద ఫొటోలు తీసేవారు. నిదానమైన ఎక్స్‌పోజర్లకు లెన్సు మూత చేత్తో తీయడం, లెక్కపెట్టడం, మళ్ళీ మూయడం అప్పట్లో మామూలే. ఎగిరే అద్దం లేదు, కొట్టుకునే తెర లేదు. చెక్క స్టాండు అదురును తనలోనే ఇంకించుకునేది.

ఆ పిల్ల కెమెరాలో అద్దం లేపి ఉంచే సదుపాయం సెన్సరు తుడవడానికి మాత్రమే ఉంది, ఫొటో తీయడానికి కాదు. అందుకని పాత పద్ధతికే పోయాం. రికార్డు పుస్తకం నల్ల అట్ట చింపి లెన్సుకు అడ్డంగా, తగలకుండా పట్టుకుంది. ఎక్స్‌పోజర్ ఆరు సెకన్లు పెట్టి రిమోటు నొక్కాను. అద్దం దబ్బుమంది. "ఒకటి, రెండు" అని లెక్కపెట్టి అట్ట తీసింది.

పెద్దది చేసి చూశాం. తోకలు మాయం. దూరపు దీపాలన్నీ గుచ్చినట్టు చుక్కలయ్యాయి. ఫొటో కింది మూల పక్క మేడ మీద తీగకు ఆరేసిన చొక్కా మాత్రం పొగలా ఉంది.

"దీనికేం జేద్దాం సార్?" అంది.