డోర్ నంబరు 1-14 ఎటు పోయింది?

లైనక్స్‌లో మూల లైబ్రరీని అప్‌డేట్ చేస్తే పాత ప్రోగ్రాములు ఆగిపోతాయా అని అరకులోయ నుంచి ఒక పాఠకుడు అడిగారు. చాలావరకు ఆగవు. ఆ లైబ్రరీ పేరు జీలిబ్‌సీ. ఫైలు తెరవాలన్నా, రెండు పేర్లు పోల్చాలన్నా ప్రోగ్రాములు దాన్నే పిలుస్తాయి. ఏదైనా ఫంక్షన్ తీరు మారితే పాత రూపాన్ని పాత వెర్షన్ ముద్రతో అలాగే ఉంచుతుంది. 2011లో, 2.14 వెర్షన్‌లో, మెమ్‌కాపీ అనే ఫంక్షన్‌కు చేసింది అదే: పాత ప్రోగ్రాములకు పాతది, కొత్తవాటికి కొత్తది.

ఇక భయం లేదనుకున్నవాళ్లు 2018 ఆగస్టులో వచ్చిన 2.28తో దెబ్బతిన్నారు. ఫంక్షన్లన్నీ ఉన్నాయి, పేర్లను పేర్చే వరుసక్రమం మారిపోయింది!

అరకు దగ్గర ఒక పంచాయతీ ఇంటిపన్ను జాబితా పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో, డోర్ నంబర్ల ఇండెక్సుతో ఉందనుకోండి. ఇంగ్లీషు లొకేల్‌లో, అంటే ఇంగ్లీషు భాషా అమరికలో, పాత జీలిబ్‌సీ ముందు అడ్డగీతను పక్కనపెట్టి పోల్చేది. 1-14 అంటే 114, 11-3 అంటే 113. కాబట్టి 11-3 ముందు, 1-14 తరువాత. 2.28 నుంచి అడ్డగీతకూ విలువ వచ్చింది, అదీ అంకెలకన్నా తక్కువ. ఇప్పుడు 1-14 ముందు.

డిస్కు మీది ఇండెక్సు మాత్రం పాత వరుసలోనే ఉంది. 1-14 కోసం వెతుకుతుంటే దారిలో 11-3 తగులుతుంది. కొత్త లైబ్రరీ ‘1-14 చిన్నది, ఎడమకు పో’ అంటుంది. ఆ ఇల్లున్నది కుడివైపు! పట్టికలో వివరాలు భద్రంగా ఉన్నా, అలాంటి ఇల్లు లేదనే జవాబొస్తుంది. గుమస్తా మళ్లీ ఎక్కిస్తాడు. ఒక నంబరు రెండుసార్లు రాకూడదన్న నిబంధన కూడా ఆ ఇండెక్సునే అడుగుతుంది గనక ఒప్పేసుకుంటుంది. ఒకే ఇంటికి రెండు పన్ను ఖాతాలు.

ప్రోగ్రాము కూలలేదు, ఎర్రర్ రాలేదు. వెర్షన్ ముద్ర ఫంక్షన్లకే గానీ లొకేల్ డేటాకు లేదు. 2022లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 15 నుంచి డేటాబేసు తన వరుసక్రమం వెర్షన్‌ను గుర్తుంచుకుని, తేడా వస్తే హెచ్చరిస్తుంది. హెచ్చరించి ఊరుకుంటుంది. అలా ఊరుకోకుండా పని ఆపేయాలని నా గట్టి అభిప్రాయం.

డెబియన్ 9 నుంచి 10కి, సెంటాస్ 7 నుంచి 8కి మారినవాళ్లంతా ఈ 2.28 గీత దాటినవాళ్లే. పాత మెషీన్‌లోని డేటా ఫోల్డర్‌ను యథాతథంగా కొత్తదానికి కాపీ చేసినా ఇదే గతి. పోస్ట్‌గ్రెస్ పనిముట్టు పీజీ డంప్‌తో డేటా తీసి ఎక్కిస్తే ఇండెక్సు కొత్తగా కడుతుంది, ఇబ్బంది రాదు. ఇప్పటికే దాటేసి ఉంటే రీఇండెక్స్ చేయాలి. జంట ఎంట్రీలుంటే అది మధ్యలో ఆగిపోతుంది, కాబట్టి ముందు వాటిని ఏరేయండి.