వార్తల్లో పదం: టైప్‌స్ట్

సాంకేతిక వార్తల శీర్షికలలో ఇటీవల కానవచ్చుచున్న ‘టైప్‌స్ట్’ అనునది, సిద్ధాంతవ్యాసములను, గ్రంథములను అచ్చుకు తగినట్లు కూర్చి పీడీఎఫ్‌గా వెలువరించు సాఫ్ట్‌వేర్. బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయమున విద్యార్థులైన లారెంజ్ మేడ్యె, మార్టిన్ హౌగ్ ఆరంభించిన యీ సాధనము 2023లో లోకమునకు విడుదలైనది.

కమాండ్ లైనులో ‘టైప్‌స్ట్ ఇనిట్’ అని వ్రాసి టెంప్లేటు పేరు చేర్చినంతనే, పత్రికవారు విధించిన అంచులు, శీర్షికలు, ఉపయుక్త గ్రంథసూచి పద్ధతి ముందే అమర్చియున్న ఫోల్డరొకటి ఏర్పడును. అందలి ప్రధాన ఫైలును తెరచి రచయిత తన విషయమును వ్రాసికొనుటయే తరువాయి. ‘కంపైల్’ అన్నచో పీడీఎఫ్ సిద్ధమగును. ‘వాచ్’ అన్నచో ఫైలును సేవ్ చేసిన ప్రతిసారియు పుట తనంతట మారును. ప్రధాన ఫైలులో టెంప్లేటును పిలుచు పంక్తియందు దాని వెర్షను సంఖ్య, ఉదాహరణకు 0.1.0 అని, తప్పక ఉండవలెను. కనుక టెంప్లేటు కర్త తదుపరి వెర్షనులలో ఎన్ని మార్పులు చేసినను అవి పాత వ్యాసమును తాకవు. దీర్ఘకాలము సాగు పరిశోధనకు ఇది, నా దృష్టిలో, అన్నిటికంటె విలువైన సదుపాయము.

ఇట్టి కూర్పు పనికే డోనాల్డ్ క్నూత్ 1978లో వెలువరించిన టెక్, దానిపై లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన లేటెక్, గణిత భౌతికశాస్త్ర పత్రికలలో నేటికిని స్థిరముగా నున్నవి. యూనికోడ్ ఫాంటు పేర్కొన్నచో తెలుగును సైతము కూర్చు టైప్‌స్ట్‌ను మన పరిశోధక విద్యార్థులు చేపట్టవచ్చును. అయితే అనేక పత్రికలు లేటెక్ ఫైలునే కోరును గనుక, పంపదలచిన పత్రిక నియమములను ముందుగా చూచుకొనవలెను.