జీవకుని చేతిలోని సూదులు

ఆక్యుపంక్చర్ భారతదేశంలో పుట్టి, బౌద్ధ భిక్షువుల వెంట చైనాకు చేరిందని వాదించేవారు సాధారణంగా చూపే సాక్షి జీవకుడు. బుద్ధునికీ సంఘానికీ వైద్యం చేసిన ఆ మహనీయుడు చేతిలో సూదులు, మందుల సంచితో జన్మించాడని ఒక కథ ఉంది. కథ నిజంగానే ఉంది. అది ఏ పిటకంలో ఉన్నదన్నదే ప్రశ్న.

పాళీ మహావగ్గంలో ఆ సూదులు లేవు. రాజగృహ గణిక సాలవతి తాను కన్న శిశువును చేటలో పెట్టించి చెత్తకుప్పపై వదిలివేయిస్తుంది; అభయ రాజకుమారుడు ఆ బిడ్డను పెంచుతాడు. పెరిగిన జీవకుడు తక్షశిలలో ఏడేళ్ళు వైద్యం అభ్యసిస్తాడు. చివరకు గురువు, నగరం చుట్టూ యోజనం మేర తిరిగి మందుకు పనికిరానిది ఏదైనా ఉంటే తెమ్మంటాడు. శిష్యుడు వట్టి చేతులతో తిరిగివస్తాడు. అదే అతని పరీక్ష. ఆ తరువాత అతడు చేసిన చికిత్సలలో ముక్కు ద్వారా నేతిమందు పోయడం, కపాలాన్ని తెరవడం, పొట్ట కోసి పేగు మెలికను సరిచేయడం కనిపిస్తాయి.

సూదులతో పుట్టిన శిశువు చైనీయ త్రిపిటకంలోని వాడు. అక్కడ అతని తల్లి ఆమ్రపాలి. ఆ గ్రంథానువాదాన్ని సంప్రదాయం రెండవ శతాబ్దపు ఆన్ షిగావోకు ఆపాదించింది. ఆధునిక పరిశోధకులు ఈ ఆపాదనను అంగీకరించరు. చైనా శ్రోతల దృష్టిలో ఉత్తమ వైద్యుడు సూది తెలిసినవాడు. కనుక జీవకుని చేతికి సూది వచ్చిందనుకోవడమే సమంజసం.

తవ్వకాల సాక్ష్యం కూడా ఇటే మొగ్గుతుంది. చాంగ్షా సమీపాన మావాంగ్‌దుయిలో క్రీ.పూ. 168 నాటి సమాధి నుండి 1973లో వెలువడిన పట్టువ్రాతలు దేహంలోని 11 మార్గాలను వర్ణిస్తాయి. వాటిపై చేయవలసిన చికిత్స వేడి తగిలించడమే. సూది ప్రసక్తి ఇంకా లేదు. క్రీ.పూ. 113లో మరణించిన హాన్ రాజకుమారుడు లియూ షెంగ్ సమాధిలో మాత్రం బంగారు, వెండి సూదులు దొరికాయి. అంటే చైనాలో బౌద్ధం వేళ్ళూనకముందే ఈ పద్ధతి అక్కడ రూపుదిద్దుకుంటోంది. సుశ్రుతుని సూది గాయాలు కుట్టడానికి, అతని సిరావ్యధ రక్తం తీయడానికి. మహావగ్గం అనుమతించిన కొమ్ముచికిత్స కూడా రక్తం తీసేదే. పరికరాల పోలికను సిద్ధాంతాల పోలికగా భావించరాదు.

బౌద్ధానికి ఈ విద్యతో సంబంధమే లేదని దీని అర్థం కాదు. దున్‌హువాంగ్ 17వ గుహలోని సూత్రగ్రంథాల నడుమ, మాచిపత్రి జాతి ఆకుల పొడిని కాల్చి వేడి పెట్టవలసిన చోట్లను చూపే దేహచిత్రాలు లభించాయి. అవి నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వైద్యపత్రాలు విహారంలో భద్రమయ్యాయన్నంత వరకు వాటి సాక్ష్యం స్పష్టం.

ఇక శిక్షణ విషయం. తాంగ్ కాలంలోనే రాజవైద్య కార్యాలయంలో సూదిచికిత్స ప్రత్యేక బోధనశాఖగా ఉండేది. అయితే రాతప్రతులలో బిందువుల స్థానాలు ఒకదానికొకటి పొసగేవి కావు. సోంగ్ చక్రవర్తి రెన్‌జోంగ్ ఆజ్ఞపై వాంగ్ వెయియీ 1026లో ఆ స్థానాలను సరిచేసి గ్రంథం కూర్చాడు. మరుసటి ఏడు రెండు కంచు మనుషులను పోతపోయించాడు. బిందువున్న ప్రతిచోటా రంధ్రం. పరీక్షకు ముందు పైన మైనం పూసి, లోపల నీరు నింపేవారని వర్ణనలు చెబుతాయి. విద్యార్థి గుచ్చినచోట నీరు చిమ్మితే స్థానం సరైనది. తక్షశిల పరీక్ష కంటికీ బుద్ధికీ; ఇది వ్రేలికొసకు.

ఆ గ్రంథపాఠాన్ని రాతిపైనా చెక్కించారు. తరువాతి కాలంలో ఆ శాసనశిలలను మింగ్ పాలకులు బీజింగ్ కోటగోడలో మామూలు రాళ్ళుగా వాడేశారు! 1965 తరువాత గోడ కూల్చినప్పుడు వాటి ముక్కలు బయటపడ్డాయి. తొలి కంచు మనుషులు మాత్రం కనుమరుగయ్యారు. 1443లో మింగ్ పాలనలో మారుప్రతిని పోతపోశారు.

ఆధునిక కాలంలో ఈ విద్య భారతదేశానికి వచ్చిన దారికి ఏ పురాణమూ అక్కరలేదు. 1938లో డాక్టర్ కోట్నీస్‌తో కలిసి చైనాకు వెళ్ళిన వైద్యబృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు, 1950ల చివర మళ్ళీ అక్కడికి వెళ్ళి సూదిచికిత్స నేర్చుకొని, కలకత్తాలో ప్రారంభించాడు.