మీకు తెలుసా? గుడ్డి అనుసరణకు ఇంగ్లిష్ మాట ‘స్లేవిష్లీ’

• సొంత ఆలోచన లేకుండా ఒకరు చెప్పినట్టల్లా నడుచుకోవడాన్ని, ఉన్నదాన్ని ఉన్నట్టే అనుకరించడాన్ని ఇంగ్లిష్‌లో ‘స్లేవిష్లీ’ అనే క్రియావిశేషణంతో చెబుతారు. ఫాలో, కాపీ, ఇమిటేట్ లాంటి క్రియల పక్కన ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

• దీని మూలం ‘స్లేవ్’, అంటే బానిస. మధ్యయుగాల ఐరోపాలో స్లావు జాతివారిని పట్టి అమ్మేవారు. వారి పేరే బానిసకు పేరైంది.

• మన ‘తు.చ. తప్పకుండా’ మెచ్చుకోలుకూ పనికొస్తుంది. ‘స్లేవిష్లీ’లో మాత్రం నింద ఉంటుంది. శ్రద్ధగా పనిచేసేవారి గురించి ఈ మాట వాడకూడదు.

• భాషలో గుడ్డి అనుసరణను ఎదిరించిన ఇద్దరు మహనీయులు ఉత్తరాంధ్రవారే. గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. ఆయన, గురజాడ అప్పారావు విజయనగరంలో కలిసి చదువుకున్నారు.

• గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లోనే వాడుకభాషలో అచ్చయింది. చదువుల్లో గ్రాంథికమే (పాత కావ్యభాషే) ఉండాలన్న వాదాన్ని కాదంటూ ఆయన 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాశారు.

• గిడుగు కూడా గ్రాంథిక వ్యాకరణాన్ని చదవకుండా కాదనలేదు. క్షుణ్ణంగా చదివి, గ్రాంథికవాదుల రచనల్లోనే నియమాలు తప్పిన చోట్లు ఎత్తి చూపారు. ఆయన పుట్టినరోజే మన తెలుగు భాషా దినోత్సవం. నియమాన్ని తెలుసుకుని పాటించడం వేరు, తలవంచి పాటించడం వేరు. పిల్లలకు మనం నేర్పవలసింది మొదటిదే.