ఖాళీ గుల్లకు నామకరణము

పెనుబల్లి ప్రాంతమువారికి సముద్రము దూరమే గాని నత్త దూరము కాదు. వానకాలములో వరిమళ్ళ గట్లమీద, లంకాసాగర్ ఒడ్డున అది ప్రాకుట మన విద్యార్థులందరు చూచినదే. ఎండలు ముదిరిన పిమ్మట నత్త కానరాదు, తెల్లబడిన గుల్ల మిగులును. జంతుశాస్త్ర గ్రంథములు దీనిని కర్పరమనును. మేము గుల్ల అనియే వ్రాసెదము. లోపలి జీవి లేక గుల్ల మాత్రమే చేతికి చిక్కినప్పుడు, అందునా ఆ జీవిని అంతకుముందు ఎవ్వరును చూచి యుండనప్పుడు, దానికి పేరు పెట్టవచ్చునా? సముద్రగర్భమున నివసించు ఆవగింజంత నత్తల విషయములో శాస్త్రజ్ఞులకు ఈ ప్రశ్న నిత్యము ఎదురగుచునే యున్నది.

పెట్టవచ్చుననుటకు నిదర్శనము మన గడ్డమీదనే కలదు. మాల్కంసన్ అను వైద్యుడు నిర్మల్ కొండల ప్రాంతమున సేకరించిన శిలాజ గుల్లలలో ఒకదానికి 1840లో సోవర్బీ ‘ఫైసా ప్రిన్సెపై’ అని పేరు పెట్టెను. రాజమహేంద్రవరము చెంత కాతేరులో రెండు లావా పొరల నడుమ చిక్కిన గుల్లలను నాగపూరులోని మతబోధకుడు స్టీఫెన్ హిస్లాప్ 1860లో వర్ణించెను. సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందటి ఆ జీవులను సజీవముగా చూచిన మానవుడు లేడు. అయినను వాటికి పేర్లున్నవి.

కడలి లోతులలోని నత్తల కథ ఇంకొక విధమైనది. అవి నేటికిని జీవించియే యున్నవి, మనకు అందవు, అంతే. సుమారు 300 బారల లోతు దాటిన పిమ్మట జీవమే ఉండదని 1843 ప్రాంతమున ఎడ్వర్డ్ ఫోర్బ్స్ తలచెను. 1872 నుండి 1876 వరకు సాగిన చాలెంజర్ నౌకాయాత్ర ఆ తలంపును పూర్తిగా త్రోసివేసినది. ఆ నౌక హిందూమహాసముద్రపు దక్షిణభాగమునుండి సాగిపోయినదే గాని బంగాళాఖాతములోనికి రాలేదు. ఆ లోటు తీర్చినది 1881లో బొంబాయి నౌకాశాలలో తయారైన ‘ఇన్వెస్టిగేటర్’. తీరముల లోతులు కొలుచుట దాని ఉద్యోగము. ఆ పనితోపాటు నౌకలోని వైద్యుడు అడుగునుండి పైకి తీసిన జీవులను భద్రపరచువాడు. వారిలో ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ ప్రసిద్ధుడు. బంగాళాఖాతమునుండి, అరబ్బీ సముద్రమునుండి ఇట్లు లభించిన గుల్లలను గూర్చి లండనులోని బ్రిటిష్ మ్యూజియము పండితుడు ఎడ్గార్ స్మిత్ 1894లో నివేదిక ప్రకటించెను. మన కడలి వస్తువుకు లండనులో పేరు పెట్టవలసి వచ్చినది, నాటి రోజులట్టివి.

ఇక పని జరుగు తీరు చూతము. ఇనుప చట్రము గల వలసంచిని అడుగున ఈడ్చి బురదను పైకి తెత్తురు. అర మిల్లీమీటరు కన్నులు గల జల్లెడలో దానిని కడిగి, మిగిలినది ఆరబెట్టి, సూక్ష్మదర్శిని క్రింద తడి కుంచె మొనతో గుల్లలను ఒక్కొక్కటిగా ఏరుదురు. బియ్యములో రాళ్ళేరు గృహిణి ఓపిక దీనిముందు స్వల్పము. పిమ్మట కొలతలు: ఎత్తు, వెడల్పు, చుట్ల సంఖ్య, ద్వారపు ఆకారము, అడుగున నాభివంటి గుంట ఉన్నదా లేదా, పైన గీతలా కణుపులా. గుల్లకు పలుచని బంగారుపూత పూసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఛాయాచిత్రములు తీయుదురు.

చుట్టు కుడికా, ఎడమకా అనునది కూడ వ్రాయవలెను. శిఖరము పైకుండునట్లు, ద్వారము మనవైపు ఉండునట్లు పట్టుకొన్నపుడు ద్వారము కుడిచేతివైపు ఉన్నచో అది కుడిచుట్టు. ఈ లెక్కలో మనవారు దక్షిణావర్తమని అపురూపముగా చూచుకొను శంఖము ఎడమచుట్టే యగును! పట్టుకొను తీరు మారినచో పేరు మారును.

మాకు అన్నిటికంటె ఆశ్చర్యము కలిగించినది గుల్ల శిఖరము. నత్త పెరిగిన కొలది గుల్లకు క్రొత్త చుట్టు చేరునే గాని పాతది ఊడిపోదు. కనుక కొనమీది తొలిచుట్లు ఆ నత్త డింభకముగా ఉన్ననాడు కట్టుకొన్నవే. దీనిని ప్రోటోకాంక్ అందురు. మనము తొలిగుల్ల అనవచ్చును. తొలిగుల్లలో సన్నని చుట్లు అనేకమున్నచో డింభకము చాలకాలము నీటిలో తేలియాడుచు, సూక్ష్మజీవులను తినుచు, ప్రవాహములవెంట దూరదేశములకు పోయినదని గ్రహింతురు. ఒకటి రెండు చుట్లే ఉండి అవి ఉబ్బుగా ఉన్నచో పెద్ద గ్రుడ్డులోని పచ్చసొనతోనే పెరిగి, పుట్టిన చోటికి సమీపముననే స్థిరపడినదని తలంతురు. రెండు మిల్లీమీటర్ల గుల్ల కొనపై ఆ జాతి ఎంత మేర వ్యాపించి యుండునో జాడ దొరకుచున్నదన్నమాట. దురదృష్టమేమన, లోతు నీరు సున్నమును కరగించును. ఎక్కువగా అరిగిపోవునది ఆ శిఖరమే.

అందుచేత గుల్ల సాక్ష్యమును వెంటనే నమ్మరాదు. అది దొరకిన చోటనే ఆ నత్త బ్రదికినదనుటకు వీలులేదు. టెరోపాడ్‌లు అను చిన్న నత్తలు నీటి పై పొరలలో ఈదును. చచ్చిన పిమ్మట వాటి గుల్లలు అడుగునకు వానవలె రాలును. సన్యాసిపీతలు ఖాళీ గుల్లలను మోసికొని పోవును. విశాఖపట్టణమునకు ఎదుట సముద్రము క్రింద లోయలు కలవు. లఫాండ్ అను శాస్త్రజ్ఞుడు 1964లో వాటిని ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అను పేర్లతో వర్ణించెను. ఇట్టి లోయలగుండా ఒడ్డునాటి గుల్లలు అగాధములకు జారిపోగలవు. మరియు రూపము ఒక్కటైనంత మాత్రమున బంధుత్వము ఉండదు. నత్తగుల్లలన్నీ ఒక రేవు, ముత్యపుచిప్పలన్నీ ఒక రేవు అని సామెత. శాస్త్రజ్ఞునికి చిక్కు ఆ నత్తగుల్లల రేవులోనే.

ఇన్ని అనుమానములు తీరి, తెలిసిన జాతులతో పోల్చి, ఇది వేరని తేలినపిమ్మట ఒక్క గుల్లను హోలోటైప్‌గా, అనగా ఆ పేరుకు శాశ్వత ప్రమాణముగా ఎన్నుకొని మ్యూజియములో ఉంచవలెను. రేపు ఎవరికి సందేహము కలిగినను ఆ గుల్లనే అడుగవలెను. పేరు రెండు పదములు. లిన్నేయస్ 1758 నాటి గ్రంథమే దీనికి ఆరంభము. రెండవ పదము విశేషణమైనచో మొదటిదాని లింగమునే పొందవలెను. సంస్కృతము చదివినవారికి ఇది విశేష్య విశేషణ నియమము. మా అరబ్బీ మిత్రులకు సిఫత్ మౌసూఫ్. లాటిను పేర్లు చూచి బెదరవలసిన పని లేదు.

గుల్ల చెప్పలేనిదెంతయో ఒక్క ఉదాహరణ చాలును. 2001లో హిందూమహాసముద్రమున సుమారు 2,400 మీటర్ల లోతున, కైరీ అను వేడినీటి ఊటల చెంత ఒక నత్త కనబడినది. దాని పాదమునిండ ఇనుప సల్ఫైడుతో కూడిన పొలుసులు! గుల్ల మాత్రమే దొరకి యుండినచో ఆ పొలుసులను ఊహించువారెవరు? అట్టి వింతజీవికి సైతము ‘క్రైసోమాలన్ స్క్వామిఫెరమ్’ అను పేరు శాస్త్రీయముగా స్థిరపడుటకు 2015 వరకు పట్టినది. 2019లో అది ఆపదలోనున్న జాతుల ఎర్రపట్టిక కెక్కినది. కారణము గనులు. అప్పటికి అది తెలిసిన మూడు చోట్లలో రెండు ఖనిజాన్వేషణకు కేటాయింపబడినవి.

రెండు మిల్లీమీటర్ల నత్తకు అంతటి కీర్తి రాదు. పేరు లేనిదానిని ఏ పట్టికలోనైనను చేర్చుట మిక్కిలి కష్టము. మన దేశము 2002లో మధ్య హిందూమహాసముద్రమున 75,000 చదరపు కిలోమీటర్లలో లోహపు ముద్దల అన్వేషణకును, 2016లో 10,000 చదరపు కిలోమీటర్లలో సల్ఫైడు ఖనిజముల అన్వేషణకును అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో ఒప్పందము చేసికొన్నది. ఒప్పందము పొందినవారు అచ్చటి జీవజాలమును గూర్చిన సమాచారము సేకరించి సమర్పించవలెనని నియమము. ఆ బురదను జల్లించి, గుల్లలను ఏరి, చుట్లు లెక్కించువారు ఎవరో ఒకరు ఉండవలెను గదా.