రిజర్వుడు సీటు, బదిలీ ఎమ్మెల్యే

గోదావరి పడమటి గట్టున, రాజమహేంద్రవరానికి ఎదురుగా ఉన్న కొవ్వూరు శాసనసభ నియోజకవర్గం 2008 నాటి పునర్విభజనలో ఎస్సీలకు రిజర్వు అయింది. ఆ తరువాత అక్కడ నాలుగు సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. 2009లో టి.వి. రామారావు, 2014లో కె.ఎస్. జవహర్ తెలుగుదేశం పక్షాన గెలిచారు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి తానేటి వనిత, 2024లో తెలుగుదేశం అభ్యర్థి ముప్పిడి వెంకటేశ్వరరావు గెలిచారు. నాలుగు ఎన్నికలు, నలుగురు శాసనసభ్యులు. ప్రజలు ప్రతిసారీ కొత్తవారిని కోరుకున్నారని దీన్ని చదువుకోవచ్చు. అయితే మొదటి ముగ్గురూ కొవ్వూరు ఓటరు ఓడించగా వెళ్లినవారు కారు. తాము గెలిచిన సీటులో అదే పార్టీ తరఫున మరోసారి ఓటు అడిగే అవకాశమే వారికి రాలేదు.

2014లో తెలుగుదేశం అభ్యర్థిని మార్చింది. గెలిచిన జవహర్ మంత్రి అయ్యారు, కానీ 2019లో ఆయనను కృష్ణా జిల్లా తిరువూరుకు పంపారు, అక్కడ ఓడిపోయారు. ఆయన స్థానంలో పాయకరావుపేట శాసనసభ్యురాలు వంగలపూడి అనితను కొవ్వూరుకు తెచ్చారు. ఆమె వనిత చేతిలో ఓడిపోయారు. కొవ్వూరులో గెలిచి హోంమంత్రి పదవి దాకా వెళ్లిన వనితను 2024లో ఆమె పార్టీ గోపాలపురానికి మార్చింది. గోపాలపురం ఎమ్మెల్యే తలారి వెంకట్రావును కొవ్వూరుకు మార్చింది. తెలుగుదేశం కూడా 2014లో గోపాలపురంలో గెలిచి 2019లో అక్కడే తలారి చేతిలో ఓడిన ముప్పిడిని కొవ్వూరుకు తెచ్చింది. అంటే 2024లో కొవ్వూరు ఓటరు ముందు నిలిచిన ప్రధాన అభ్యర్థులిద్దరూ గోపాలపురానికి ప్రాతినిధ్యం వహించినవారే. గోపాలపురం పోటీ నియోజకవర్గం మారి కొవ్వూరులో మళ్లీ జరిగింది.

రిజర్వేషన్‌కు ముందు ఇదే కొవ్వూరు కథ వేరు. జనరల్ స్థానంగా ఉన్న రోజుల్లో పెండ్యాల వెంకట కృష్ణారావు ఒక్కరే అక్కడినుంచి ఐదుసార్లు గెలిచారు. ఒక నాయకుడు ఒక నేలలో వేళ్లూనుకోవడానికి రెండున్నర దశాబ్దాల వ్యవధి దొరికింది. దళిత ప్రతినిధికి దొరుకుతున్నది ఐదేళ్లు.

ఇది కొవ్వూరుకే పరిమితమైన సంగతి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి వరుసగా ముగ్గురు దళిత మహిళలు హోంమంత్రులయ్యారు: మేకతోటి సుచరిత, తానేటి వనిత, వంగలపూడి అనిత. చరిత్రలో నిలిచే విషయమే. అయితే ఈ ముగ్గురూ గెలిచిన నియోజకవర్గం నుంచి మరోచోటికి బదిలీ అయినవారే. సుచరితను 2024లో ప్రత్తిపాడు నుంచి తాడికొండకు పంపారు, ఓడిపోయారు. వనిత గోపాలపురంలో ఓడిపోయారు. కొవ్వూరులో ఓడిన అనిత తిరిగి పాయకరావుపేటకు వెళ్లి గెలిచాకే మంత్రి కాగలిగారు. రాష్ట్ర పోలీసు శాఖకు అధిపతిగా కూర్చున్న వ్యక్తికి సొంత నియోజకవర్గంపై కూడా హక్కు లేదన్నమాట. ఆదిమూలపు సురేష్ 2009లో యర్రగొండపాలెం, 2014లో సంతనూతలపాడు, 2019లో మళ్లీ యర్రగొండపాలెం నుంచి గెలిచారు. 2024లో కొండపికి వెళ్లి ఓడిపోయారు.

జనరల్ స్థానాల్లోనూ అభ్యర్థులు మారుతున్నారు కదా అని అడగవచ్చు. నిజమే. 2024లో అనేకమంది బీసీ, ఇతర వర్గాల శాసనసభ్యులూ స్థానాలు మారారు. గంటా శ్రీనివాసరావు చోడవరం, అనకాపల్లి, భీమిలి, విశాఖ ఉత్తరం నుంచి వేర్వేరు ఎన్నికల్లో గెలిచారు. కానీ ఆర్థిక బలం, కుల బలం ఉన్న నాయకుడు సీటును ఎంచుకోవడం వేరు. సీటు కోసం నాయకుడిని ఎంచి పంపడం వేరు. మొదటిదానిలో పార్టీ నాయకుడితో బేరమాడుతుంది. రెండవదానిలో నాయకుడికి బేరమాడే శక్తి ఉండదు. మినహాయింపులూ ఉన్నాయి: కొండపిలో డోలా శ్రీ బాల వీరాంజనేయస్వామి 2014, 2019, 2024లలో వరుసగా గెలిచారు. స్థానికంగా నిలదొక్కుకునే అవకాశమిస్తే దళిత నాయకుడు నిలబడగలడని, ఎదురుగాలిలోనూ గెలవగలడని ఆయన విజయాలు చెబుతున్నాయి. కాబట్టి లోపం నాయకుల సామర్థ్యంలో లేదు.

మరి ఎక్కడుంది? మొదటి కారణం ఎన్నికల లెక్క. రాజ్యాంగం 332వ అధికరణం శాసనసభల్లో ఎస్సీ, ఎస్టీలకు స్థానాలు కేటాయించింది. నేడు ఆంధ్రప్రదేశ్‌లోని 175 స్థానాల్లో 29, తెలంగాణలోని 119 స్థానాల్లో 19 ఎస్సీలవి. ఎస్సీ స్థానాలను రాష్ట్రంలోని వేర్వేరు ప్రాంతాలకు పంచుతూ, వారి జనాభా నిష్పత్తి సాపేక్షంగా ఎక్కువగా ఉన్నచోట పెట్టాలని పునర్విభజన చట్టం చెబుతుంది. జనాభా విస్తరించి ఉన్నందువల్ల రిజర్వుడు నియోజకవర్గంలోనూ ఎస్సీలు సాధారణంగా మైనారిటీయే. అభ్యర్థి దళితుడు, గెలుపును నిర్ణయించే ఓటరు ఎక్కువగా దళితేతరుడు. రెండవ కారణం భూమి, కాంట్రాక్టులు, వ్యాపారం ఎవరి చేతిలో ఉన్నాయన్నది. ఎన్నికల ఖర్చు పెట్టేవారు, బూత్ నడిపేవారు, మండలంలో మాట చెల్లేవారు స్థానిక ఆధిపత్య కులాల పెద్దలైనప్పుడు, సీటు రిజర్వు అయినా అధికారం రిజర్వు కాదు. శాసనసభ్యుడు వారికి కొరుకుడు పడకపోతే ఫిర్యాదు అధిష్ఠానానికి వెళ్తుంది. అధిష్ఠానానికి బదిలీ సులభమైన పరిష్కారం.

ఈ ప్రమాదాన్ని అంబేడ్కర్ 1932లోనే చూశారు. పూనా ఒప్పందం రాష్ట్ర శాసనసభల్లో అణగారిన వర్గాలకు 148 స్థానాలు ఇచ్చింది. మద్రాసు వాటా 30. ఆ ఒప్పందంలో మనం తరచూ మరచిపోయే మరో నిబంధన ఉంది. రిజర్వుడు స్థానంలో ముందుగా అణగారిన వర్గాల ఓటర్లే ఓటు వేసి నలుగురు అభ్యర్థుల జాబితాను ఎన్నుకోవాలి; ఆ నలుగురిలో ఒకరిని ఉమ్మడి ఓటర్లు గెలిపించాలి. అది చాలదని 1946 ఎన్నికల అనుభవం తర్వాత అంబేడ్కర్ వాదించారు. ప్రాథమిక ఎన్నికలో దళితుల మద్దతు పొందినవారు తుది ఎన్నికలో ఓడిపోయారు. అయినా అభ్యర్థి ఎవరన్న ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు అప్పుడు కొంతవరకైనా దళిత ఓటరుకు ఉంది. స్వతంత్ర భారతంలో ఆ మొదటి మెట్టు తొలగిపోయింది. దాని స్థానాన్ని పార్టీల టికెట్ల కమిటీలు ఆక్రమించాయి.

తెలుగు నేల మీదే జరిగిన మరో ఘట్టం గుర్తుచేసుకోదగినది. 1957లో పార్వతీపురం ద్విసభ్య లోక్‌సభ స్థానంలో రెండు సీట్లనూ గిరిజన అభ్యర్థులే గెలుచుకున్నారు. జనరల్ సీటును డి. సూరిదొరకు కోల్పోయిన వి.వి. గిరి న్యాయస్థానానికి వెళ్లారు. ఎక్కువ ఓట్లు వచ్చిన గిరిజన అభ్యర్థి జనరల్ సీటుకూ అర్హుడేనని 1959లో సుప్రీంకోర్టు తేల్చింది. 1961లో ద్విసభ్య నియోజకవర్గాలు రద్దయ్యాయి. ఆ తీర్పు చెప్పిన సూత్రం మాత్రం మిగిలే ఉంది: రిజర్వేషన్ కనీస హామీ, గరిష్ఠ పరిమితి కాదు. మన పార్టీలు దాన్ని తలకిందులు చేశాయి. జనరల్ స్థానంలో దళితుడికి టికెట్ దాదాపు మృగ్యం. రిజర్వుడు స్థానంలో అతడు అతిథి.

ఇంతమాత్రాన ఉమ్మడి ఎన్నికలే వద్దనడం నా ఉద్దేశం కాదు. అన్ని కులాల గడపలూ తొక్కి ఓటు అడగవలసి రావడంలో ప్రజాస్వామిక విలువ ఉంది. ప్రత్యేక నియోజకవర్గాలకు తిరిగి వెళ్లడం నేటి రాజ్యాంగ చట్రంలో సాధ్యమూ కాదు. చేయదగినది అంతకంటె చిన్నది, ఆచరణీయమైనది. రిజర్వుడు స్థానంలో అభ్యర్థి ఎంపికకు ముందు ఆ నియోజకవర్గంలోని పార్టీ ఎస్సీ సభ్యులు రహస్య ఓటుతో ఒక జాబితా ఇవ్వాలి. అధిష్ఠానం అందులోనుంచే ఎంచాలి. దీనికి చట్ట సవరణ అక్కరలేదు, పార్టీ నియమావళిలో ఒక వాక్యం చాలు. గెలిచిన శాసనసభ్యుడిని మార్చదలిస్తే కారణాన్ని బహిరంగంగా చెప్పాలి. రాబోయే పునర్విభజనలో ఏ సీటు రిజర్వు అవుతుందన్న దానిపైనే చర్చంతా సాగుతుంది. ఆ సీటులో ఎవరి మాట చెల్లుతుందన్న ప్రశ్నను దళిత సంఘాలు, విద్యార్థులు ఇప్పుడే ముందుకు తేవాలి.

పేటలో దాడి జరిగిన రాత్రి బాధితుడు ముందుగా వెతికేది తన ఎమ్మెల్యే కోసం. ఆ ఎమ్మెల్యే పోలీస్ స్టేషన్‌కు వెళ్లి గట్టిగా నిలబడాలంటే, అలా నిలబడినందుకు వచ్చే ఎన్నికల్లో మరో జిల్లాకు వెళ్లవలసి రాదన్న భరోసా ఉండాలి. రాజకీయ రిజర్వేషన్ల గడువు ప్రస్తుతానికి 2030 జనవరి వరకు ఉంది. మరోసారి పొడిగించడం గురించి అప్పుడు పార్లమెంటు మాట్లాడుతుంది. పొడిగించేది సీట్ల సంఖ్యనా, ప్రాతినిధ్యాన్నా అని కొవ్వూరు మనల్ని అడుగుతోంది.