తాతగారి పతకం... ఏ కాలానిది?

స్పెయిన్‌లో పాత పెట్టెలు సర్దుతుంటే తాతల నాటి సైనిక పతకాలు బయటపడుతుంటాయి. 1936-39 అంతర్యుద్ధంలో తాతయ్య ఎటువైపున్నాడో ఇంట్లో ఎవరూ నోరు విప్పకపోయినా, ఒక్కోసారి ఆ పతకమే చెబుతుంది. ఎలాగంటారా? పైనున్న కిరీటం చూడండి. కోట బురుజుల్లా ఉంటే 1931లో వచ్చిన రెండో రిపబ్లిక్‌ది కావచ్చు. డాలు వెనక గద్ద కనిపిస్తే, అది ఫ్రాంకో వర్గం 1938లో తెచ్చుకున్న చిహ్నమన్నమాట.

1864లో రెండో ఇసాబెల్ రాణి నెలకొల్పిన 'మెరిటో మిలిటార్' శిలువకైతే రంగు కూడా గుర్తే. ఎరుపు యుద్ధసేవకు, తెలుపు శాంతికాలపు సేవకు.

ఏ పాత పతకమైనా సరే, నల్లబడిందని చింతపండు పెట్టి తోమారో, చెక్కిన గుర్తులు అరిగిపోతాయి. మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. రిబ్బను వెలిసిపోయినా మార్చకండి. అదీ ఓ ఆధారమే!